శబ్దపీడ – తితిక్ష – గృహధర్మం



ఈ మాసపు పాఠానికి ఎంచుకొన్న విషయం కొందరికి విచిత్రంగా తోచవచ్చు. దేవాలయ పత్రికలో చెవి బాధల ప్రసంగం ఏమిటని అడుగవచ్చు. కానీ హారతి గంట మ్రోగగానే చెవులు మూసుకొని మండపం వెలుపలికి వెళ్ళిపోయేవారిని, భోజనపంక్తి నుండి అర్ధాంతరంగా లేచిపోయే పిల్లలను, వంటింట్లో గిన్నె జారిపడితే ఉలిక్కిపడి కోపగించుకొనే వృద్ధులను మనమందరమూ చూస్తూనే ఉంటాం. చూసి, “భక్తి లేదు”, “మర్యాద తెలియదు”, “వయసు మీరిన చాదస్తం” అని తీర్పు చెప్పేస్తాం. అట్లా తీర్పు చెప్పినవారిలో నేనూ ఒకడిని. ముప్పై ఏళ్ళకు పైగా వ్యాకరణం, అనగా శబ్దశాస్త్రం, బోధించిన నాకు శబ్దం ఒక మనిషిని ఇంతగా పీడించగలదన్న సంగతి డెబ్బై దాటిన తరువాతగాని తెలియలేదు. తెలిసినది పదిమందికి ఉపకరిస్తుందని విన్నవిస్తున్నాను.

మా ఇంటి సంగతి

మా మనుమరాలు ఇంటర్మీడియట్ చదువుతున్నది. చిన్ననాడు నా పక్కనే పీట వేసుకొని, నా విస్తట్లోని ముద్దలు తిని పెరిగిన పిల్ల. పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేసరికి మెల్లగా దూరం జరిగింది. నేను చారు పోసుకోగానే కంచం చేతబట్టుకొని తన గదిలోకి వెళ్ళిపోయేది. అప్పడం విరిచినా అంతే. “పంక్తి మధ్యలో లేవకూడదు తల్లీ, దోషం” అని మొదట మెల్లగా చెప్పాను. తరువాత గట్టిగా చెప్పాను. ఒక ఉగాదినాడు బంధువులందరి ఎదుట, “పెద్దలంటే లెక్క లేదా?” అని గద్దించాను.

ఆ పిల్ల కన్నీళ్ళతో ఒక్కమాట అన్నది: “తాతగారూ, మీ మీద కోపం కాదు. ఆ చప్పుడు వింటే నా ఒళ్ళంతా మండిపోతుంది. అది ఆగేదాకా ఇంకేమీ తోచదు. నేనేం చేయను?”

నేను దానిని సాకుగా భావించాను. ఆనాటి నుండి ఆమె సాయంకాలం దీపం పెట్టే వేళకు నా గదికి రావడం కూడా మానుకొన్నది. కొన్ని నెలలు ఇంట్లో ఇద్దరమూ తప్పుకొని తిరిగాం.

ఇంతలో నాకే ఒక చిక్కు వచ్చింది. ఎవరైనా మెల్లగా మాట్లాడితే వినబడదు. “కొంచెం గట్టిగా చెప్పు” అంటాను. గట్టిగా చెబితే, “ఎందుకట్లా అరుస్తావు?” అని విసుగుకొంటాను. మా కోడలు నవ్వుకొని ఊరుకొనేది. మా అబ్బాయి చెవి వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాడు. ఆ వైద్యుడు నా చెవిని పరీక్షించి, ఓపికగా వివరించిన మాటలు విన్న తరువాత, “అయ్యా, మా ఇంట్లో ఒక పిల్ల ఉన్నది” అని అడగాలనిపించింది. ఆనాడు అక్కడ తెలుసుకొన్నదీ, ఇంటికి వచ్చి మన గ్రంథాలు మళ్ళీ విప్పి చూసుకొన్నదీ కలిపి ఈ పాఠం.

వినడం ఎట్లా జరుగుతుంది?

మన తార్కికులు శబ్దాన్ని ఆకాశగుణంగా నిర్ణయించారు. భేరికీ కర్రకూ సంయోగం వల్ల ఒక శబ్దం, వెదురు చీల్చినప్పుడు విభాగం వల్ల మరొక శబ్దం పుడతాయనీ, ఆ మొదటి శబ్దం నుండి మరొకటి, దాని నుండి ఇంకొకటి పుడుతూ చివరకు చెవిని చేరుతుందనీ చెప్పారు. నీటిలో అలలవలె సాగుతుందనడం వీచీతరంగ న్యాయం. కడిమిపువ్వు కేసరాలవలె అన్ని దిక్కులకూ ఒక్కసారిగా విస్తరిస్తుందనడం కదంబముకుళ న్యాయం. చెవిని చేరిన తరువాత కూడా మనస్సు ఇంద్రియంతో కలిస్తేగాని జ్ఞానం కలుగదని వారి సిద్ధాంతం. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి.

నేటి వైద్యం చెప్పే క్రమం ఇది. గాలిలోని కంపనం కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలిక మూడు చిన్న ఎముకల ద్వారా కాక్లియా అనే నత్తగుల్ల ఆకారపు కోశానికి చేరుతుంది. అందులో వేలకొలది సూక్ష్మ రోమకణాలు ఆ కంపనాన్ని నాడీసంకేతంగా మార్చి మెదడుకు పంపుతాయి. ఏ శబ్దాన్ని ఎంత పెద్దదిగా గ్రహించాలో, దేనిని పట్టించుకోవాలో, దేనిని వదిలివేయాలో నిర్ణయించేది మెదడు. అంటే వినడం చెవితో మొదలై మనస్సుతో ముగుస్తుంది. కనుక శబ్దపీడ చెవి దోషం వల్ల కలుగవచ్చు, మెదడు శబ్దాన్ని గ్రహించే తీరు వల్ల కలుగవచ్చు. రెండవది కూడా నిజమైన బాధే. “అంతా నీ భ్రమ” అని త్రోసిపుచ్చదగినది కాదు.

మూడు విధాల బాధ

మొదటిది నా వంటి వృద్ధులది. వయసుతోపాటు రోమకణాలు క్షీణిస్తాయి. చిన్న శబ్దాలు వినబడవు. కానీ పెద్ద శబ్దాలు మునుపటివలెనే పెద్దవిగా తోస్తాయి. వినబడే అంచుకూ, భరించలేని అంచుకూ నడుమ ఉండవలసిన దూరం తగ్గిపోతుంది. “వినబడలేదు” అనడమూ, “అరవకు” అనడమూ రెండూ నిజమే. ఇంట్లోవారు దీనిని మొండితనంగా భావించరాదు.

రెండవది హైపరాక్యూసిస్ అనే శబ్దాసహనం. ఇతరులకు మామూలుగా తోచే కుక్కరు కూత, పళ్ళెం చప్పుడు, పిల్లల కేరింతలు, వాహనపు హారను వీరికి భరించరానంత పెద్దవిగా వినిపిస్తాయి. కొందరికి చెవిలో పోటు కూడా వస్తుంది. మితిమీరిన శబ్దానికి గురికావడం, తలకు దెబ్బ తగలడం, పార్శ్వపు తలనొప్పి మొదలైనవి కారణాలు కావచ్చు. ముఖానికి ఒక పక్క పక్షవాతం వచ్చినవారికి ఆ పక్క చెవిలో శబ్దం పెద్దదిగా వినిపించవచ్చు. చెవిలోని ఒక చిన్న కండరం పెద్ద శబ్దం వచ్చినప్పుడు బిగుసుకొని ఆ ధాటిని తగ్గిస్తుంది. ఆ కండరాన్ని నడిపేది ముఖనాడే కావడం ఇందుకు హేతువు. ఆటిజం ఉన్న పిల్లలలోనూ శబ్దాసహనం తరచుగా కనిపిస్తుంది. చెవిలో నిరంతరం రొద వినిపించేవారిలో చాలామందికి ఈ బాధ తోడుగా ఉంటుంది.

మూడవది మా మనుమరాలిది. దీనిని మిసోఫోనియా అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు శబ్దద్వేషమని అర్థం. జాస్ట్రెబాఫ్ దంపతులు 2001లో ఈ పేరు పెట్టారు. ఇందులో శబ్దం పెద్దది కానక్కరలేదు. నమలడం, జుర్రడం, ముక్కు ఎగబీల్చడం, గొంతు సవరించుకోవడం, కలం టకటకలాడించడం వంటి కొన్ని ప్రత్యేక శబ్దాలే బాధిస్తాయి. విన్న క్షణంలో కోపం, జుగుప్స, ఆందోళన పైకి లేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది. తరచుగా బాల్యంలోనో, కౌమారంలోనో మొదలవుతుంది. చాలామంది విషయంలో అత్యంత ఆత్మీయులు చేసే శబ్దాలే ఎక్కువగా బాధిస్తాయి. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రకటించిన అధ్యయనంలో, ఇటువంటి వారు ఆ శబ్దాలను విన్నప్పుడు మెదడులో భావావేశాలకు సంబంధించిన ఒక భాగం ఇతరులకన్న చాలా ఎక్కువగా స్పందించినట్లు కనుగొన్నారు. ఆ పిల్ల చెప్పిన “ఒళ్ళు మండిపోవడం” అబద్ధం కాదన్నమాట. ఆ సంగతి తెలిసిననాడు ఉగాది పంక్తిలో నేనన్న మాట గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను.

చరకమహర్షి చూపిన మార్గం

చరకసంహిత సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో రోగకారణాలను చెబుతూ, ఇంద్రియానికీ దాని విషయానికీ కలిగే అననుకూల సంబంధాన్ని మహర్షి మూడుగా విభజించారు. శబ్దం విషయంలో వాటిని ఇట్లా గ్రహించాలి. ఉరుము, భేరి వంటి మహాశబ్దాలను మితిమీరి వినడం అతియోగం. ఏ శబ్దమూ వినకుండా ఉండడం అయోగం. పరుషమైనవి, భయం కలిగించేవి, మనస్సును గాయపరచేవి వినడం మిథ్యాయోగం.

ఈ విభాగంలో నన్ను ఆశ్చర్యపరచినది రెండవది. శబ్దాధిక్యం హానికరమని ఎవరైనా చెబుతారు. శబ్దం బొత్తిగా లేకపోవడమూ హానికరమని చెప్పడంలో మహర్షి సూక్ష్మదృష్టి ఉన్నది. శబ్దపీడ కలిగినవారు మొదట చేసే పని చెవులలో దూది పెట్టుకోవడం, తలుపులు బిగించుకోవడం, బయటికి వెళ్ళడం మానడం. కొంతసేపు హాయిగా ఉంటుంది. కానీ చీకటిగదిలో ఎంతో కాలం ఉన్నవానికి మామూలు వెలుగు కూడా కళ్ళు చెదరగొట్టినట్లు, నిశ్శబ్దానికి అలవాటుపడిన మెదడు శబ్దాన్ని మరింత పెద్దదిగా గ్రహించసాగుతుంది. ఎడతెగక చెవులు మూసుకొన్నవారికి శబ్దాసహనం పెరుగుతుందని నేటి వైద్యులూ చెబుతున్నారు. అందుకే వారు సౌఖ్యంగా వినగలిగిన స్వల్పధ్వనితో ఆరంభించి, నెలల తరబడి మెల్లమెల్లగా చెవిని అలవాటు చేస్తారు.

పాణినీయ శిక్షలో ఒక చక్కని ఉపమానం ఉన్నది. వర్ణాలను ఎట్లా ఉచ్చరించాలంటే, ఆడపులి తన పిల్లలను కోరలతో పట్టుకొని పోయినట్లు ఉచ్చరించాలి. జారవిడువకూడదు, కోర నాటనూ కూడదు. విద్యార్థులకు ఎన్నో ఏళ్ళు ఈ ఉపమానాన్ని చెప్పాను. బాధపడే చెవికి శబ్దాన్ని అందించే పద్ధతి కూడా ఇదేనని ఇప్పుడు తోస్తున్నది.

ఆచరణలో పెట్టవలసినవి

ఒకటి. ముందు వైద్యపరీక్ష చేయించుకోవాలి. చెవి వైద్యుడు, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు కలిసి ఇది ఏ రకమో నిర్ణయిస్తారు. హఠాత్తుగా వినికిడి పోయినా, ముఖం వంకరపోయినా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. చీము కారుతున్నా, కళ్ళు తిరుగుతున్నా, ఒక్క చెవిలోనే బాధ ఉన్నా త్వరగా చూపించుకోవాలి.

రెండు. వాగ్భటుడు చెవిని వాతస్థానాలలో ఒకటిగా చెప్పాడనీ, కర్ణాభ్యంగాన్ని విధించాడనీ తెలిసినవారు వెంటనే చెవిలో నూనె పోయడానికి సిద్ధపడతారు. కర్ణభేరికి రంధ్రం ఉన్నా, చెవి కారుతున్నా నూనె కీడు చేస్తుంది. వైద్యుడు చూడకుండా ఏదీ పోయరాదు.

మూడు. ఊరేగింపు, బాణసంచా, యంత్రాల రొద వంటి నిజమైన మహాశబ్దాల వద్ద చెవులకు ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోవడం మంచిదే. ఇంట్లో, మామూలు మాటల మధ్య వాటిని పెట్టుకొని కూర్చోవద్దు.

నాలుగు. గదిలో నిశ్శబ్దానికి బదులు ఒక మృదువైన ధ్వని ఉంచాలి. ఫ్యాను చప్పుడు, తంబురా శ్రుతి, వాన చప్పుడు వంటివి తక్కువ స్థాయిలో ఉంటే, హఠాత్తుగా వచ్చే శబ్దాలు అంత కరుకుగా తగలవు.

ఐదు. శబ్దాన్ని పుట్టినచోటనే తగ్గించాలి. గిన్నెలు బోర్లించేచోట మందపాటి గుడ్డ పరచడం, కుర్చీకాళ్ళకు రబ్బరు తొడగడం, తలుపు చేతితో పట్టి వేయడం, టీవీ ధ్వని తగ్గించడం ఖర్చు లేని పనులు. మిక్సీ వేసే ముందు “వేస్తున్నాను” అని ఒక్కమాట చెబితే సగం బాధ తగ్గుతుంది. అనుకోకుండా వచ్చే శబ్దమే ఎక్కువగా పీడిస్తుంది.

ఆరు. శబ్దద్వేషం ఉన్నవారి ఎదుట ఆ శబ్దాన్ని కావాలని చేసి వెక్కిరించడం, “వింటూ ఉంటే అదే పోతుంది” అని బలవంతంగా కూర్చోబెట్టడం తగదు. లేచి వెళ్ళడానికి ముందే ఒక సంకేతం ఏర్పరచుకోవాలి. ఆ సంకేతం చేస్తే కారణం అడుగరాదు.

ఏడు. నిద్ర చాలనప్పుడు, ఆకలి, అలసట, పరీక్షల భయం ఉన్నప్పుడు బాధ ఎక్కువవుతుంది. వేళకు నిద్ర, వేళకు భోజనం, నిదానంగా ఊపిరి వదిలే అభ్యాసం మేలు చేస్తాయి. శబ్దద్వేషాన్ని పూర్తిగా పోగొట్టే మందు ఇంతవరకు లేదు. అయితే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మానసిక చికిత్స వల్ల పలువురికి ఉపశమనం కలిగింది. మానసిక నిపుణుని వద్దకు వెళ్ళడం అవమానం కాదు.

తితిక్ష ఎవరి ధర్మం?

ఇక్కడ మన పెద్దలు ఒక ప్రశ్న వేస్తారు. “గీతలో భగవానుడు శీతోష్ణాలను, సుఖదుఃఖాలను ఓర్చుకోమని చెప్పలేదా? చప్పుడు మాత్రం ఓర్చుకోరాదా?” నేనూ ఉగాదినాడు మనస్సులో ఈ ప్రశ్ననే వేసుకొన్నాను.

తితిక్ష శమదమాది షట్కంలో ఒకటి. ముముక్షువు తనకు తాను చేసుకొనే సాధన. పక్కవానిపై విధించే శిక్ష కాదు. ఎండను ఓర్చుకోమన్నారు కదా అని బిడ్డ చేతిలోని గొడుగు లాగివేయము. పైగా ఆలోచిస్తే, మా ఇంట్లో తితిక్ష చూపినది ఎవరు? నాలుగేళ్ళుగా ఆ పిల్ల నన్ను ఒక్కమాట అనకుండా, తన కంచం తాను తీసుకొని పక్కకు వెళ్ళింది. ఆమె లేచిపోవడాన్ని ఒక్కపూట కూడా ఓర్చుకోలేకపోయినవాణ్ణి నేను. మన ధర్మశాస్త్రాలు భోజనవేళ మౌనాన్ని విధించాయని ఎందరికో చెప్పాను. మౌనమంటే మాటలు మానడం మాత్రమే అనుకొన్నాను. నా చారు జుర్రడం ఆ మౌనంలో భాగమా అని ఎన్నడూ ఆలోచించలేదు.

బాధపడేవారికి కూడా ఒక మాట చెప్పాలి. శబ్దం చేసేవారిలో నూటికి తొంభైమంది మిమ్మల్ని బాధించాలని చేయరు. యోగశాస్త్రంలో పతంజలి మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు భావనలను చెప్పారు. కోపం లేచిన క్షణంలో దానిని ఆపడం మీ చేతిలో లేకపోవచ్చు. ఆ తరువాతి మాట మీ చేతిలో ఉన్నది. “నీవల్ల నాకు నరకం” అనడానికీ, “ఈ చప్పుడు నాకు పడదు, కాసేపు అవతల ఉంటాను” అనడానికీ చాలా తేడా ఉన్నది.

దేవాలయంలో

గంటానాదం దేవతాహ్వానానికి ఏర్పడిన పవిత్రధ్వని. దానిని మానమని ఎవరూ అడుగరు. కానీ మన గంటలకు ఇప్పుడు మైకులు, విద్యుత్తుతో మ్రోగే నగారాలు తోడయ్యాయి. కేంద్రప్రభుత్వం 2000లో చేసిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు పరిమితి. ఇద్దరు మనుషులు కూర్చొని మాట్లాడుకొనే ధ్వని సుమారు 60. డెసిబెల్సు పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుందని గుర్తించాలి. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట ధ్వనివర్ధకాలు వాడరాదు. ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించిన కొద్ది ఉత్సవదినాలలో మాత్రం అర్ధరాత్రి వరకు సడలింపు ఉంటుంది. చట్టం ఉన్నదని కాక, పక్క వీధిలోని రోగి, పసిబిడ్డ కూడా స్వామి బిడ్డలేనని తలచి మనమే ధ్వని తగ్గించుకోవడం ఉత్తమం. ధ్వనివర్ధకానికి దూరంగా ఒక మూల నాలుగు కుర్చీలు వేస్తే ఎందరో వృద్ధులు హారతి పూర్తిగా చూసి వెళ్ళగలుగుతారు.

గంటను భరించలేక హారతికి రాలేకపోతున్నామని దుఃఖించేవారు ధైర్యం వహించాలి. మనుస్మృతి రెండవ అధ్యాయంలో, పెదవులు కదిలీకదలకుండా చేసే ఉపాంశుజపానికి పైకి చేసే జపంకన్న, మానసజపానికి ఉపాంశుజపంకన్న అధికఫలం చెప్పబడినది. ఏ చప్పుడూ లేని జపానికి శాస్త్రం అగ్రస్థానం ఇచ్చింది. హారతి ముగిసి గుడి సద్దుమణిగిన తరువాత వచ్చి, ఒక మూల కూర్చొని చేసిన స్మరణను స్వామి తక్కువగా స్వీకరించడు.

ముగింపు

వైద్యుని వద్ద నుండి వచ్చిన సాయంకాలం నేనే మనుమరాలి గది వాకిట నిలబడి, “అమ్మడూ, నీకు పడని చప్పుళ్ళన్నీ ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వు” అన్నాను. చాలాసేపు తటపటాయించి వ్రాసి ఇచ్చింది. మొదటి పంక్తి “తాతగారు చారు జుర్రడం”. దాని కిందనే, “కోప్పడకండి తాతగారూ” అని చిన్న అక్షరాలతో ఉన్నది.

ఇప్పుడు భోజనాల వేళ ఫ్యాను, దానితోపాటు చిన్నగా తంబురా శ్రుతి ఉంటాయి. ఆమె పంక్తికి ఆ చివర, నేను ఈ చివర. పెదవులు మూసి నమలడం డెబ్బై ఏళ్ళు దాటాక నేర్చుకొన్నాను. చారన్నం స్పూనుతో తింటున్నాను. వారంలో మూడు నాలుగు రోజులు ఆమె పంక్తి ముగిసేదాకా కూర్చుంటున్నది. మిగతా రోజులలో ఎడమచెయ్యి కొంచెం పైకెత్తి లేచి వెళ్తుంది. ఎవరమూ ఏమీ అడగము. బాధ పోలేదు. కానీ సాయంకాలం దీపం పెట్టి, నా గదికి మళ్ళీ వస్తున్నది.

మీ ఇళ్ళలో ఇట్లా చెవులు మూసుకొనేవారు ఎవరైనా ఉంటే, ఈ మాసంలో ఒక్కపూట వారి పక్కన కూర్చొని, “ఏ చప్పుడు నిన్ను బాధిస్తున్నది?” అని అడగవలసిందిగా ప్రార్థన. చెప్పినది నమ్మండి. తక్కిన ఉపాయాలన్నీ ఆ తరువాతివి.

ఇతి శమ్.